పాత బీడు రంపం మిషన్‌ను విప్పి, బాగుచేసి, ఇంటి కరెంటు మీద నడపడం ఎలా

ఊళ్ళో పాత వడ్రంగం షాపు మూతపడితే చేతి మిషన్లు చకచకా అమ్ముడుపోతాయి. గోడ పక్కన మిగిలిపోయేది బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే, బీడుతో పోతపోసిన బరువైన రంపం మిషన్. కదిలించాలంటే నలుగురు పట్టాలి. మోటారు కాలిపోయి ఉంటుంది, టేబుల్ మీద తుప్పు పేరుకుని ఉంటుంది. కొన్నాళ్ళు అట్లా పడి ఉండి, చివరికి కిలోల లెక్కన పాత ఇనుము దుకాణానికి పోతుంది. ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలనుకునేవాళ్ళు దాన్ని అక్కడికి పోనివ్వకూడదు. ఇప్పుడు బజారులో దొరికే తేలికపాటి అల్యూమినియం టేబుల్ సాలలో ఉండే బ్రష్ మోటారు గంటల తరబడి టేకు చీల్చడానికి చేసింది కాదు, పెద్ద పలక ఎక్కిస్తే మిషనే ఊగుతుంది. బీడు వణుకును మింగుతుంది. ఏళ్ళుగా వాడకంలో ఉన్న పాత పోత మళ్ళీ కొత్తగా వంకర తిరగడం కూడా అరుదు.

ఒక మాట ముందే చెప్పాలి. మిషన్ ఇంటికి రాగానే మోటారు కొనడానికి పరుగెత్తకండి. మోటారు సంగతి చివర్న తేలుతుంది. మిషన్ విలువంతా ఆర్బర్‌లో, అంటే బ్లేడు బిగించే షాఫ్టులో ఉంటుంది. దాన్ని పట్టుకున్న బేరింగులు, దానికీ టేబుల్‌కీ మధ్య వరస (అలైన్‌మెంట్) కూడా అంతే ముఖ్యం. అవి సరిగా ఉంటే 2 హెచ్‌పీతోనే కోత నున్నగా వస్తుంది. అవి తప్పితే 5 హెచ్‌పీ పెట్టినా కట్టె కాలుతుంది, వెనక్కి తంతుంది.

మన వైపు ఏం దొరుకుతాయి

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఎక్కువగా కనిపించేవి మన దేశంలో తయారైన బీడు మిషన్లు. ఒక పక్క రందా, ఇంకో పక్క రంపం ఉండే జంట మిషన్లు కూడా వీటిలోనే వస్తాయి. పంజాబ్‌లోని బటాలా, గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఫౌండ్రీల నుంచి వచ్చినవి చాలా. వీటిలో ఆర్బర్ ఒకేచోట స్థిరంగా ఉంటుంది, కోత లోతు మార్చడానికి టేబులే పైకి కిందికి కదులుతుంది. బ్లేడు వాలదు. నిర్మాణం సాదా కాబట్టి బాగుచేయడమూ తేలిక.

పాత మిల్లులు, ఐటీఐల వేలం పాటల్లో అరుదుగా ఇంగ్లండులోని లీసెస్టర్‌లో తయారైన వాడ్కిన్ మిషన్లో, 1939లో మొదలైన అమెరికా డెల్టా యూనిసా రకమో కనిపించొచ్చు. వీటిలో టేబుల్ కదలదు. ఆర్బరే పైకి కిందికి జరుగుతుంది, 45 డిగ్రీల దాకా వాలుతుంది. కదిలే భాగాలు ఎక్కువ కాబట్టి బాగుచేసేటప్పుడు ఓపిక కూడా ఎక్కువ కావాలి. అమెరికా మిషన్ అయితే మోటారు పలక చూడండి. 60 సైకిల్స్ మీద 3450 ఆర్పీఎం తిరిగే మోటారు మన 50 సైకిల్స్ మీద 2875 మాత్రమే తిరుగుతుంది. పుల్లీ మార్చకుండా వాడితే బ్లేడు మందగిస్తుంది.

కొనేముందు ఇంకో సంగతి తేల్చుకోండి. దుంగలు కోసే సామిల్లు పెట్టాలంటే అటవీ శాఖ లైసెన్సు కావాలి. ఇంట్లో పలకలు చీల్చుకునే మిషన్ వేరు కానీ, మీ దగ్గర ఏది పెడుతున్నారో, దానికి ఏ కాగితం అవసరమో రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మేలు. టేకు ఎప్పుడు కొన్నా బిల్లుతోనే కొనండి.

బేరం ఆడే ముందు చేతులతో చూడాల్సినవి

మొదట పగుళ్ళు. అనుమానం ఉన్నచోట డీజిల్ రాసి పది నిమిషాలు వదిలేయండి. శుభ్రంగా తుడిచి, ఆ చోట చాక్‌పీసు రుద్దండి. పగులు ఉంటే లోపలికి ఇంకిన డీజిల్ బయటికి ఊరి, తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. టేబుల్ అంచున చిన్న ముక్క పోయినా పని ఆగదు. బేరింగు కూర్చునే దిమ్మ, టేబుల్‌ను ఎత్తే జారుడు భాగం, ఆర్బర్‌ను వాల్చే అర్ధచంద్రాకారపు పళ్ళ భాగం పగిలితే మాత్రం వదిలేయండి. రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో మామూలు రాడ్‌తో అతికిస్తే బీడు అతుకు పక్కనే మళ్ళీ చీలుతుంది. నికెల్ రాడ్‌తో, ముందుగా వేడి చేసి అతికించేవాళ్ళు ఉన్నారు. అయినా బరువు మోసే భాగాన్ని అతుకు మీద నమ్మకం పెట్టి నడపడం మంచిది కాదు.

తర్వాత ఆర్బర్. బెల్టు తీసేసి చేత్తో నెమ్మదిగా తిప్పండి. గరగర అనిపిస్తే బేరింగు పోయింది. అది మార్చొచ్చు, భయం లేదు. రెండు చేతులతో పట్టుకుని పైకి కిందికి, ముందుకు వెనక్కి ఊపి చూడండి. బేరింగు బయటి రింగే దిమ్మలో తిరుగుతుంటే ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే దిమ్మను బోరింగ్ చేసి బుష్ వేయాలి. నట్టు మరలు అరిగాయేమో వేలితో తడిమి చూడండి.

టేబుల్ మీద మీటరు పొడవు స్టీలు పట్టీ నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చండి. పావు మిల్లీమీటరు దాకా పల్లం ఉన్నా ఇంటి పనికి ఇబ్బంది లేదు. ఫెన్స్ (కట్టెను ఆనించి తోసే అడ్డపట్టీ), మైటర్ గేజ్ (కట్టెను కోణంలో పట్టి తోసే పనిముట్టు), గార్డు (బ్లేడు మీది మూత) లేకపోతే దిగులు పడకండి, అవన్నీ చేయించుకోవచ్చు. మోటారు ఎంత బాగుందని చెప్పినా దాని విలువ సున్నా అనుకునే బేరం ఆడండి.

విప్పడం

విప్పేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఒక్కో భాగం విప్పిన కొద్దీ ఇంకొన్ని తీయండి. ఒక్కో భాగానికి సంబంధించిన బోల్టులు, వాషర్లు, షిమ్ములు ఒక్కో డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి. సన్నటి రేకు ముక్క కనిపిస్తే చెత్త అనుకుని పారేయకండి. ఒకప్పుడు ఎవరో వరస కుదరడానికి పెట్టిన షిమ్ అది.

టేబుల్ బరువు తక్కువ అంచనా వేయకండి. ఇద్దరు మనుషులు, ఒక చైన్ బ్లాక్ ఉంటే వేళ్ళు భద్రం. చైన్ బ్లాక్‌ను పందిరి గుంజకు కాకుండా గట్టి దూలానికి కట్టండి.

బ్రిటిష్ మిషన్ అయితే బోల్టులు విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) మరలతో ఉండొచ్చు. చాలా సైజుల్లో విట్‌వర్త్, అమెరికా యూఎన్‌సీ మరలు అంగుళానికి ఒకే లెక్కన ఉంటాయి. అర అంగుళం బోల్టు దగ్గరే తేడా వస్తుంది, విట్‌వర్త్‌కు 12 మరలు, యూఎన్‌సీకి 13. ఒకటి ఇంకోదాంట్లో రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. అక్కడ బలవంతం చేస్తే బీడులోని మరలు పోతాయి.

పుల్లీ రాకపోతే సుత్తె ఎత్తేముందు గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) ఉన్న రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. చాలా పాత పుల్లీలలో ఒక గ్రబ్ స్క్రూ తీసిన తర్వాత దాని కిందే ఇంకోటి ఉంటుంది. మొదటిది తీసేసి, ఇంకా కదలడం లేదని కొట్టడంతోనే పుల్లీ అంచులు విరుగుతాయి. రెండూ తీసి, రంధ్రంలో డీజిల్ పోసి రాత్రంతా వదిలి, పొద్దున పుల్లర్‌తో లాగండి. షాఫ్టులకు అడ్డంగా దిగగొట్టిన పిన్నులు ఉంటే రెండు కొసలూ కొలవండి. ఒక కొస సన్నంగా ఉంటే అది టేపర్ పిన్, సన్న కొస నుంచే బయటికి కొట్టాలి.

తుప్పు, రంగు

టేబుల్ మీద తుప్పుకు డీజిల్ పోసి, వెడల్పాటి స్క్రాపర్ బ్లేడుతో పడుకోబెట్టి గీకండి. పై పొర వచ్చేస్తుంది. తర్వాత 180, 320 నంబరు ఎమరీ పేపర్‌ను చదునైన చెక్కకు చుట్టి, డీజిల్ తడి మీదే రుద్దండి. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ పెట్టి టేబుల్ మెరిపించాలనే ఆశ పెట్టుకోవద్దు, డిస్క్ ఆగిన ప్రతిచోటా గుంట పడుతుంది. నల్లటి మరకలు మిగిలినా పరవాలేదు. అవి కోతకు అడ్డం రావు.

ఇనుప చక్రాలు, స్క్రూలు, బ్రాకెట్ల వంటి చిన్న భాగాలకు కరెంటు పద్ధతి అన్నిటికన్నా మంచిది. ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపండి. తుప్పు భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్‌కు, ఒక పాత ఇనుప రేకును పాజిటివ్‌కు కలిపి, రెండూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. బుడగలు మొదలైతే పని జరుగుతున్నట్టే. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎన్నడూ పెట్టకండి, విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. ఈ పద్ధతిలో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి పని వాకిట్లో పెట్టుకోండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. అల్యూమినియం, జింకు పోతలు ఇందులో వేయకూడదు. బయటికి తీసిన భాగాన్ని వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఆలస్యమైతే కళ్ళముందే ఎర్రబారుతుంది.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఊపిరిలోకి పోతుంది. తడి చేసి గీకి, రాలిన పొట్టును కాగితంలో పోగుచేసి మూట కట్టండి. రంగు వేసేటప్పుడు రెండు బీడు భాగాలు ఒకదానిమీద ఒకటి కూర్చునే ముఖాలకు వేయకండి. రంగు పొర మందం కూడా వరసను చెడగొడుతుంది.

ఆర్బర్, బేరింగులు: అసలు పని ఇక్కడే

పాత బేరింగు పక్క మీద నంబరు చెక్కి ఉంటుంది. 6204 అంటే లోపలి రంధ్రం 20 మి.మీ., బయటి వ్యాసం 47, మందం 14. 6205 అయితే 25, 52, 15. దేశీ మిషన్లలో ప్లమర్ బ్లాక్ (బేరింగు అమర్చిన బీడు దిమ్మ) ఉంటే దాని మీద యూసీపీ 205 లాంటి నంబరు చూస్తారు, అది 25 మి.మీ. షాఫ్టుకు. నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో మూడు కొలతలూ తీసుకుంటే సరిపోతుంది. రంపం పొట్టు ఎగిరే చోట రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్న టూఆర్‌ఎస్ రకం తీసుకోండి. వరంగల్‌లో దొరకని సైజు అయితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చూడొచ్చు. ఎక్కడ కొన్నా బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి. నకిలీ బేరింగు పెట్టె చూడ్డానికి అచ్చం అసలు దానిలాగే ఉంటుంది.

ఎక్కించేటప్పుడు ఒక్కటే సూత్రం: ఏ రింగు బిగుతుగా కూర్చోవాలో ఆ రింగు మీదే ఒత్తిడి పడాలి. షాఫ్టుకు ఎక్కిస్తుంటే లోపలి రింగు మీద, దిమ్మలోకి దించుతుంటే బయటి రింగు మీద. తప్పు రింగు మీద కొడితే గుండ్లు దారి మీద చిన్న గుంటలు చేస్తాయి, కొత్త బేరింగు మొదటి రోజు నుంచే అరుస్తుంది. షాఫ్టును రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున కాస్త తేలికగా ఎక్కుతుంది. సీల్ ఉన్న బేరింగును కాగే నూనెలో ముంచకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన కొలత. బ్లేడు ఆనుకునే ఫ్లాంజి ముఖానికి డయల్ గేజ్ (సన్నటి తేడాను కూడా ముల్లుతో చూపే గేజ్) ముల్లు ఆనించి, గేజ్ అడుగును అయస్కాంతంతో టేబుల్‌కు అంటించండి. ఆర్బర్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు నెమ్మదిగా తిప్పండి. ముల్లు 0.03 మి.మీ. లోపల ఊగితే బాగుంది. అంత సన్న తేడా ఎందుకంటే, 75 మి.మీ. ఫ్లాంజి మీద ఉన్న 0.03 తేడా 10 అంగుళాల బ్లేడు అంచుకు చేరేసరికి మూడింతలు దాటి 0.1 అవుతుంది. అంతకన్నా ఎక్కువ ఊగుతుంటే మొదట ఫ్లాంజి ముఖం తుడిచి మళ్ళీ కొలవండి. ఒక్క రంపం పొట్టు రేణువు, చిన్న దెబ్బతో లేచిన అంచు చాలు గేజ్‌ను తప్పుదారి పట్టించడానికి. అప్పటికీ తగ్గకపోతే ఆర్బర్‌ను లేత్ షాపుకు తీసుకెళ్ళండి.

బోరు మోటార్ల పుణ్యమా అని మన దగ్గర మండల కేంద్రాల్లో కూడా లేత్ షాపు, వైండింగ్ షాపు పక్కపక్కనే దొరుకుతాయి. లేత్ ఆయనకు అసలు పని ఏమిటో విడమరిచి చెప్పాలి. "అన్నా, సెంటర్ల మధ్యల పట్టి, బేరింగు కూసునే చోట గేజ్ పెట్టి చూడు. అక్కడ సున్నా వచ్చినంకనే ఫ్లాంజి ముఖం మీద సన్న కోత తీయి, మెరిస్తె చాలు" అని చెప్పండి. చక్‌లో (లేత్ బిగింపు దవడల్లో) పట్టి తీస్తే చక్ తేడా అంతా మీ ఫ్లాంజికి ఎక్కుతుంది. షాఫ్టే వంగి ఉంటే వంపు సరిచేయించే బదులు ఈఎన్8 (ఒక రకం కార్బన్ స్టీలు) రాడ్‌తో కొత్తది తీయించడమే నయం. కొత్త షాఫ్టు చేయిస్తే బ్లేడు కూర్చునే చోట 25.4 మి.మీ. పెట్టించుకోండి, మన బజారులో ఆ రంధ్రంతో బ్లేడ్లు సులువుగా దొరుకుతాయి.

మోటారు లెక్క బ్లేడు దగ్గర మొదలవుతుంది

బ్లేడు పండ్ల కొన సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పోవాలి. 10 అంగుళాల బ్లేడుకు 3800 ఆర్పీఎం, 12 అంగుళాల బ్లేడుకు 3200 ఆర్పీఎం దగ్గర ఆ వేగం వస్తుంది. బ్లేడు మీద గరిష్ఠ ఆర్పీఎం అచ్చువేసి ఉంటుంది, దాన్ని దాటొద్దు.

పుల్లీల లెక్క తేలిక. మోటారు ఆర్పీఎంను మోటారు పుల్లీ వ్యాసంతో గుణించి, ఆర్బర్ పుల్లీ వ్యాసంతో భాగిస్తే ఆర్బర్ వేగం వస్తుంది. మన కరెంటు మీద 2 పోల్ మోటారు సుమారు 2880, 4 పోల్ మోటారు సుమారు 1440 తిరుగుతాయి. 10 అంగుళాల బ్లేడు, 2880 మోటారు అయితే మోటారుకు 4, ఆర్బర్‌కు 3 అంగుళాల పుల్లీ పెడితే 3840. 12 అంగుళాల బ్లేడు, 1440 మోటారు అయితే 7, 3 పుల్లీలతో 3360. ‘ఏ’ (A) సెక్షన్ వీ బెల్టును 3 అంగుళాల కన్నా చిన్న పుల్లీ మీద వంచితే త్వరగా తెగుతుంది. పాత మిషన్‌కు పట్టా బెల్టు ఉంటే రెండు వీ బెల్టుల పుల్లీకి మార్చేయండి.

హెచ్‌పీ విషయంలో అత్యాశ వద్దు. 10 అంగుళాల బ్లేడుతో అంగుళం, అంగుళంన్నర పలకలు చీల్చే ఇంటి పనికి 2 హెచ్‌పీ చాలు. మూడు అంగుళాల టేకు, నల్లమద్ది తరచూ చీల్చేవాళ్ళకు 12 అంగుళాల బ్లేడు, 3 హెచ్‌పీ కావాలి. మోటారు మాత్రం నలువైపులా మూసి, వెనక ఫ్యాను ఉండే టీఈఎఫ్‌సీ రకమే ఉండాలి. ఇంట్లో మూలన పడి ఉన్న నీళ్ళ మోనోబ్లాక్ మోటారును తెచ్చి తగిలిస్తుంటారు. దాని షాఫ్టు పంపు కోసం చేసింది, పక్కకు లాగే బెల్టు కోసం చేసింది కాదు. పొట్టు లోపలికి పోయి వైండింగ్ కాలుతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది.

కొత్త మోటారు ఫ్రేమ్ (మోటారు బయటి కొలతల సైజు) కూడా చూసుకోవాలి. 2 హెచ్‌పీ, 2 పోల్ త్రీ ఫేజ్ మోటారు సాధారణంగా 90ఎస్ ఫ్రేమ్, 24 మి.మీ. షాఫ్టుతో వస్తుంది. యూనిసా లాంటి మిషన్లలో మోటారు ప్రత్యేకమైన బ్రాకెట్‌కు వేలాడుతుంది, మామూలు కాళ్ళ మోటారు పెట్టాలంటే మధ్యలో మందపాటి ప్లేటు చేయించాలి. మోటారు మిషన్ శరీరంలోనే అమరిన రకమైతే రీవైండింగ్ ఒక్కటే దారి.

సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?

ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే ఆలోచించేది ఏమీ లేదు, త్రీ ఫేజ్ మోటారే పెట్టండి. 2 హెచ్‌పీకి మూడున్నర ఆంపియర్లు మించదు, కెపాసిటర్ల బాధ లేదు. పొలం బోరుకు ఇచ్చిన వ్యవసాయ లైను నుంచి లాగడం మాత్రం వద్దు, అది వ్యవసాయానికే ఇచ్చింది. హన్మకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టుకుని ఇంటి లోడు పెంచుకోవచ్చు.

సింగిల్ ఫేజ్ మాత్రమే ఉంటే రెండు దారులు. ఒకటి, కెపాసిటర్ స్టార్ట్, కెపాసిటర్ రన్ రకం సింగిల్ ఫేజ్ మోటారు. 2 హెచ్‌పీకి నడిచేటప్పుడు 10 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో దానికి ఎన్నో రెట్లు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్ళలో వోల్టేజీ పడిపోయే సంగతి మనకు తెలిసిందే. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 230 బదులు 180 వోల్టులు వస్తుంటే బలం 61 శాతానికి పడిపోతుంది. మోటారు కొనేముందు సాయంత్రం పూట, అందరి మోటార్లు నడిచే వేళ వోల్టేజీ కొలిచి చూసుకోండి.

రెండోది వీఎఫ్‌డీ. సింగిల్ ఫేజ్ తీసుకుని మోటారుకు త్రీ ఫేజ్ ఇచ్చే పెట్టె ఇది. మెల్లగా మొదలవుతుంది, దీపాలు మిణుకుమనవు. నా ఓటు దీనికే. ఒక చిక్కు మాత్రం తెలుసుకోవాలి. ఈ పెట్టె ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. మన దేశంలో 2 హెచ్‌పీ దాకా త్రీ ఫేజ్ మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు స్టార్‌లో (మూడు వైండింగుల ఒక్కో కొసను ఒకచోట ముడివేసే పద్ధతి) కలిపి వస్తాయి. అదే మోటారును డెల్టాలోకి (మూడింటినీ త్రికోణంలా కలిపే పద్ధతి) మారిస్తే 240 వోల్టులకు సరిపోతుంది. టెర్మినల్ పెట్టె విప్పితే ఆరు కొసలు కనిపిస్తే వాటిని కలిపే పత్తీలు (రేకు ముక్కలు) మార్చడమే. మూడే కనిపిస్తే స్టార్ ముడి లోపల వైండింగ్‌లోనే వేసేశారన్నమాట. వైండింగ్ షాపులో ఆ ముడి విప్పి ఆరు కొసలూ బయటికి తీయించండి. వాళ్ళకు ఇది రోజూ చేసే పనే.

1.5 కిలోవాట్ వీఎఫ్‌డీ పూర్తి లోడు మీద సింగిల్ ఫేజ్ నుంచి 14 నుంచి 16 ఆంపియర్లు లాగుతుంది. గీజర్ ప్లగ్గుకు తగిలించకుండా మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగండి. పెట్టెకూ మోటారుకూ మధ్య ఏ స్విచ్చూ పెట్టొద్దు, ఆన్ ఆఫ్ అంతా పెట్టె బటన్లతోనే. చాలా వీఎఫ్‌డీల పూర్తి సామర్థ్యం 40 డిగ్రీల వేడి వరకే. మన ఎండాకాలం సంగతి లెక్కేసుకుని ఒక సైజు పెద్దది తీసుకోండి, పొట్టు పడని గోడకు, గాలి ఆడేలా బిగించండి. ఆగే సమయం 6, 8 సెకన్లు పెట్టండి. ఉన్నపళంగా ఆపితే బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది.

స్టార్టర్, ఎర్తింగు

కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను మొదలు కాకూడదు. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టి ఇరుక్కున్న ముక్క తీస్తుండగా కరెంటు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే పాత తిప్పుడు స్విచ్చు తీసేసి డీఓఎల్ స్టార్టర్ పెట్టాలి. కరెంటు పోగానే దాని కాయిల్ వదిలేస్తుంది, పచ్చ బటన్ నొక్కితేనే మళ్ళీ పట్టుకుంటుంది. పొలం బోర్లకు పెట్టే ఆటో స్టార్టర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, దాన్ని రంపం మిషన్ దరిదాపులకు రానివ్వకండి. వీఎఫ్‌డీ పెట్టినా, కరెంటు రాగానే నడిచే సెట్టింగ్ ఆపి ఉందో లేదో చూడండి.

స్టార్టర్ కొనేటప్పుడు కాయిల్ వోల్టేజీ అడగండి. షాపులో చేతికి వచ్చేది ఎక్కువగా 415 వోల్టుల కాయిల్, సింగిల్ ఫేజ్‌కు 240 కావాలి. ఓవర్‌లోడ్ రిలేను మోటారు పలక మీద ఉన్న ఆంపియర్లకు తిప్పి పెట్టండి. సింగిల్ ఫేజ్ మోటారుకు రిలే మూడు దారుల గుండానూ కరెంటు పోయేలా ఎలక్ట్రీషియన్‌తో కలిపించండి, లేకపోతే ఊరికే ట్రిప్ అవుతుంది.

2 హెచ్‌పీకి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్‌కు 4. మోటారు ఒంటికీ, మిషన్ బీడుకూ విడివిడిగా ఎర్తు వైరు బిగించండి, రంగు గీకి బీడు మెరిసిన చోటే బిగించాలి. లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే బ్రేకరు) తప్పనిసరి. ఈ భాగం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

బ్లేడు బిగించకముందే ఒకసారి నడిపి తిరిగే దిక్కు చూడండి. మీరు నిలబడే చోటు నుంచి చూస్తే బ్లేడు పైభాగం మీ వైపు రావాలి. త్రీ ఫేజ్‌లో రెండు వైర్లు తారుమారు చేస్తే దిక్కు మారుతుంది.

వరస కుదర్చడం

బ్లేడు మీద ఒక పన్నుకు మార్కరుతో గుర్తు పెట్టండి. ఆ పన్నును ముందుకు తెచ్చి, మైటర్ గాడిలో (టేబుల్ మీద మైటర్ గేజ్ జారే గాడి) కదిలే పట్టీకి బిగించిన డయల్ గేజ్‌తో కొలవండి. అదే పన్నును వెనక్కి తిప్పి, గేజ్‌ను గాడిలో వెనక్కి జరిపి మళ్ళీ కొలవండి. రెండుచోట్లా ఒకే పన్ను కొలిస్తే బ్లేడు వంకర లెక్కలోకి రాదు. తేడా 0.1 మి.మీ. లోపల ఉండాలి. ఎక్కువ ఉంటే యూనిసా లాంటి క్యాబినెట్ రకంలో టేబుల్ బోల్టులు మూడు వదులు చేసి, నాలుగోది ఇరుసుగా ఉంచి, చెక్క సుత్తెతో తట్టండి. దేశీ మిషన్లలో గాడి ఉండకపోవచ్చు, అప్పుడు ఫెన్స్ జారే టేబుల్ ముందంచుకు పెద్ద గునియా ఆనించి కొలవండి. సవరింపు ప్లమర్ బ్లాకుల బోల్టుల దగ్గర ఉంటుంది. బిగించిన తర్వాత మళ్ళీ కొలవండి, బిగింపులోనే కదులుతుంది.

ఫెన్స్ బ్లేడుకు సమాంతరంగా, వెనక కొస మాత్రం 0.1 మి.మీ. బయటికి ఉండొచ్చు. లోపలికి మాత్రం ఉండకూడదు. పుల్లీలు రెండింటి ముఖాలకు స్టీలు పట్టీ ఆనించి ఒకే వరసలో ఉన్నాయో చూడండి. పుల్లీల మధ్య అర మీటరు దూరం ఉంటే బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు 8 మి.మీ. దిగాలి.

రైవింగ్ నైఫ్, గార్డు, పొట్టు

మన షాపుల్లో చూసే దాదాపు ఏ పాత మిషన్‌కూ ఇవి ఉండవు. వేళ్ళు పోయిన వడ్రంగులు మనకు తెలిసినవాళ్ళలోనే ఉంటారు. ఈ ఒక్క భాగం చేయించకుండా మిషన్ నడపొద్దని గట్టిగా చెబుతున్నాను.

కట్టె చీలుతున్నకొద్దీ, లోపల బిగువు ఉన్న కట్టె మూసుకుని బ్లేడును నొక్కుతుంది. బ్లేడు వెనక పండ్లు పైకి లేస్తూ ఉంటాయి కాబట్టి ఆ కట్టెను ఎత్తి మీ మీదికి విసురుతాయి. చీలిక మూసుకోకుండా బ్లేడు వెనకే నిలబడే స్టీలు పలకే రైవింగ్ నైఫ్. దాని మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, కోత వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. రేకు 2.2, కోత 3.2 ఉంటే పలక 2.5 మి.మీ. బ్లేడు గుండ్రానికి తగ్గట్టు వంపు తీయించి, పండ్లకు 3 నుంచి 8 మి.మీ. దూరంలో, ఎత్తు బ్లేడు కొన కన్నా ఇసుమంత కింద ఉండేలా బిగించాలి. ఆర్బర్ స్థిరంగా ఉండే దేశీ మిషన్లకు ఇక్కడ మేలు జరుగుతుంది, పలకను అడుగు బీడుకు బిగిస్తే టేబుల్ ఎంత కదిలినా బ్లేడుతో దూరం మారదు. ఆర్బర్ కదిలే రకంలో పలకను ఆర్బర్ మోసే భాగానికే బిగించాలి.

పైన పారదర్శకమైన పాలీకార్బొనేట్ గార్డు, కింద బెల్టుకు రేకు గార్డు పెట్టించండి. బ్లేడు కింద రేకు తొట్టి చేయించి 4 అంగుళాల పైపుతో పొట్టు బయటికి లాగే ఏర్పాటు ఉంటే మోటారుకూ మీ ఊపిరికీ మంచిది. కట్టె దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. ఎన్95 మాస్కు వేసుకోకుండా స్విచ్చు నొక్కొద్దు.

మొదటి కోత

మొదటిసారి బ్లేడుతో నడిపేటప్పుడు పక్కకు నిలబడి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. ఆపి బేరింగు దిమ్మలు తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరి. చెయ్యి పెట్టలేనంత వేడి అయితే బెల్టు బిగుతు ఎక్కువైంది, లేదా బేరింగు అడ్డంగా కూర్చుంది. చీల్చడానికి 24 పండ్ల టీసీటీ (కార్బైడ్ కొనల) బ్లేడు, ప్లైవుడ్‌కూ అడ్డకోతకూ 60 పండ్లది వాడండి. నిటారుగా, ముడి లేని మెత్తటి కట్టెతో మొదలుపెట్టండి. బ్లేడు వరసలో కాకుండా కాస్త ఎడమకు నిలబడండి, చివరి జానెడు తోపుడు కర్రతోనే తోయండి. కోసిన రెండు ముఖాలూ చూడండి. ఒక ముఖం మీదే వంపు గీతలు, కాలిన మరక ఉంటే ఫెన్స్ సవరించాలి. రెండు ముఖాల మీదా ఉంటే ఆర్బర్ ఊపు మళ్ళీ కొలవాలి.

వాన కాలంలో టేబుల్ మీద ఒక్క చెమట చెయ్యి పడినా తెల్లారేసరికి అయిదు వేళ్ళ తుప్పు ముద్ర కనిపిస్తుంది. పని అయ్యాక తుడిచి, వారానికోసారి మైనం పాలిష్ పలుచగా రాసి బట్టతో రుద్దండి. సిలికాన్ స్ప్రే వాడకండి, అది కట్టెకు అంటితే తర్వాత పాలిష్ పట్టదు. ప్లమర్ బ్లాకులకు గ్రీజు నిపుల్ ఉంటే నెలకోసారి రెండు ఒత్తులు చాలు. కొత్త బెల్టు మొదటి వారంలో సాగుతుంది కాబట్టి బిగుతు ఒకసారి చూసుకుని, దానితోపాటే మైటర్ గాడి కొలత కూడా మళ్ళీ తీసుకోండి.